దేవసహాయం దాహం

ఎర్రగుంటపల్లె, మంథని దగ్గర
2024 సెప్టెంబర్ 3

దశరథానికి,

వందనాలు రాయడం లేదు. వందనం అనేది ఎదుటి మనిషి బాగుండాలని కోరి రాసే మాట. నేను నీ బాగు కోరడం లేదు గనుక ఆ అబద్ధం రాయలేను.

గుర్తు పట్టకపోతే చెబుతాను. 1971 యుద్ధంలో నీ పక్కన చనిపోయిన లాన్స్ నాయక్ దేవసహాయానికి నేను తమ్ముడిని. నా పేరు సాల్మన్. అప్పుడు పద్నాలుగేళ్లు, ఇప్పుడు అరవై ఏడు. బడిలో చదివింది ఏడో తరగతి. ఆ తర్వాత చదివిందంతా ఒక్కటే గ్రంథం. దాన్ని పట్టుకొనే నలభై ఏళ్లుగా ఈ చుట్టుపక్కల వాక్యం చెబుతున్నాను. పాస్టరు పట్టా లేదు, జీతం లేదు. పొద్దున పొలం, సాయంత్రం ప్రార్థన.

పోయిన ఆదివారం నా మేనకోడలు బ్లెస్సీ ఒక పేపర్ ముక్క తెచ్చి, "మామా, జర గిది సూడు, పెద్దమామ పటాలపోడే గదా గీయన" అంది. చూశాను. మీ కొండమడుగు ఊరి మొదట్లో నీ పేరు మీద స్వాగత కమాన్ కడుతున్నారట. దుబాయ్ నుంచి వచ్చిన నీ కొడుకు శ్యాంసుందర్ కట్టిస్తున్నాడట. డిసెంబర్ 16న, యుద్ధం గెలిచిన రోజున తెరుస్తారట. కింద నీ ఘనకార్యం కూడా రాశారు. ఒంటరిగా పాకిపోయి, బడి మీద పెట్టిన శత్రువు మర తుపాకి నోరు మూయించి, ఒక బంగ్లా ఊరికి విడుదల తెచ్చిన వీరుడివట.

దశరథం, ఆ పాకిపోయింది ఎవడు?

మీ పటాలం ఆఫీసరు మా అవ్వకు ఇంగ్లీషులో రాసిన ఉత్తరం నా దగ్గర ఉంది. పాస్టరు గారు చదివి చెబుతుంటే అవ్వ మూడు సార్లు చదివించుకుంది. అందులో ఉన్నది ఇది: శిమూల్‌తలి అనే ఊరి ముందు మీ కొడుకు ఒక్కడే బాంబులు పట్టుకొని పాకుతూ పోయాడు, తుపాకి ఆగింది, ఊరు విడుదలైంది, అతను తిరిగి రాలేదు. ఆ కాగితాన్ని నా బైబిలులో కయీను కథ ఉన్న పేజీలో పెట్టుకున్నాను. ఎందుకక్కడ అని అడగకు.

దావీదు రాజు తన సిపాయి ఊరియా చేతికే వాని చావు చీటీ ఇచ్చి పంపాడు. అంత పాపం చేసినవాడు కూడా, ఊరియా చచ్చాక వాని యుద్ధాన్ని తన యుద్ధమని చెప్పుకోలేదు. నువ్వు చెప్పుకున్నావు.

అన్న కయీను చంపిన హేబెలు రక్తం నేలలోంచి మొర పెట్టింది. మా అన్న రక్తం పడిన నేల పరాయి దేశంలో ఉంది. దాని మొర మీ కొండమడుగు దాకా వినపడదు. అందుకని నేను వస్తాను. డిసెంబర్ 16న, నీ కమాన్ కింద, నీ మెడలో దండ పడే వేళకు.

ఫోన్ చేయలేదు. ఫోన్లో అన్న మాటను రేపు అనలేదనవచ్చు. రిజిస్టర్ పోస్టులో పంపుతున్నాను. నీ సంతకంతో కార్డు నాకు వెనక్కి వస్తుంది.

సాల్మన్

* * *

కొండమడుగు, నిర్మల్ దగ్గర
సెప్టెంబర్ 14

శ్రీ సాల్మన్ గారికి నమస్కారాలు.

నాకు చేతులు వణుకుతాయి. పెన్ను నిలవదు. అందుకని నేను చెబుతుంటే నా మనవరాలు కోమల రాస్తున్నది. ఆమె నిర్మల్‌లో డిగ్రీ చదువుతున్నది.

మీ ఉత్తరం చేరింది. మీ అన్నగారు నాకు మంచి మిత్రులు. వారి ధైర్యం గొప్పది. పేపర్ వారు నన్ను అడిగింది కొంత, సొంతంగా రాసుకున్నది కొంత. నాకు డెబ్బై ఎనిమిదేళ్లు. పేపర్‌లో ఏం వచ్చిందో కూడా నేను చదవలేదు, చదివి వినిపించారు.

మా అబ్బాయితో మాట్లాడాను. కమాన్ రాయి చెక్కడం అయిపోయింది. దాని మీద నా పేరు, దాని కింద "మరియు సహచరులు" అని ఉంది. కావాలంటే పక్కన ఒక చిన్న పలక బిగించి మీ అన్నగారి పేరు వేయిస్తామన్నాడు. మీరు ఫొటో పంపితే చిన్నదిగా వేయించవచ్చును.

ఒక్క మనవి. పదహారో తారీఖున జిల్లా నుంచి పెద్దలు వస్తారు. శ్యాంసుందర్ రేపు సర్పంచ్‌గా నిలబడాలనుకుంటున్నాడు. ఆ రోజు మాత్రం ఏ గొడవా లేకుండా చూడమని మిమ్మల్ని వేడుకుంటున్నాను. మీరు దేవుని మనిషి. పెద్ద మనసు చేసుకోవాలి.

ఇట్లు,
దశరథం (వేలిముద్ర కాదు, సంతకమే. వంకర పోయింది.)

* * *

ఎర్రగుంటపల్లె
సెప్టెంబర్ 22

చెంబు ముట్టని దశరథానికి,

"మరియు సహచరులు"! మా అన్నను "మరియు"లో పాతిపెడతావా?

నన్ను దేవుని మనిషి అన్నావు. నువ్వు మా దేవుణ్ణి ఎరగవు. ఎర్ర సముద్రం ఒడ్డున నిలబడి, తమను తరుముకొచ్చి నీళ్లలో తేలే ఫరో గుర్రాలను చూసి ఆడవాళ్లు తంబురలు పట్టుకొని ఆడారు. ఆ పాట ఆయన వద్దనలేదు. పెద్ద మనసు గురించి నాకు చెప్పకు. ముందు 1972 మార్చి నెల మాట చెప్పుకుందాం. నీ మనవరాలితో రాయిస్తున్నావు గదా, ఆ పిల్లకు కూడా వినపడనీ.

పగటి పూట వచ్చావు. మంథనిలో బస్సు దిగి, మా అన్న ఆకుపచ్చ ట్రంకు పెట్టెను అంతయ్య ఎడ్లబండి మీద వేయించుకొని, ఊరు దాటి, ఊరవతల మా వాడకు వచ్చావు. పెట్టె మా వాకిట్లో దింపావు. గడప దాటలేదు. మా అవ్వ, పేరు సంతోషమ్మ, లోపలికి ఉరికి చెంబుతో నీళ్లు తెచ్చింది.

"బిడ్డా, ఎండల వడి వచ్చినవు. గీ నీళ్లు తాగు."

"వద్దమ్మా. దూప లేదు."

"నా కొడుకు జాబుల రాసిండు బిడ్డా, దశరథం నేను ఒక్క పళ్లెంల తింటమని. నువ్వు గూడ నా కొడుకువే. రెండు గుక్కలు తాగు."

నువ్వు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నావు. నేను తలుపు పక్కనే ఉన్నాను, చూశాను. "పోయొస్తనమ్మా" అని వెనక్కి తిరిగావు. అవ్వ చెంబు పట్టుకొని నీ బూట్ల చప్పుడు ఆగిందాకా నిలబడింది. ఆ సాయంత్రం మా బాపుతో అన్నది:

"ఒక్క పళ్లెంల తిన్నోడు నీళ్లు ముట్టలే. ఇగ మన కులమన్న మతికి రావాలె, లేకుంటే నా కొడుకు నెత్తురన్న గా చేతులకు ఉండాలె. రెండిట్ల ఏదో ఒకటి."

పదిహేడేళ్లు ఆ ప్రశ్నతో బతికింది. మా దగ్గర సమాధుల పండుగ నాడు అందరూ తమవాళ్ల సమాధులకు సున్నం వేసి కొవ్వొత్తులు వెలిగిస్తారు. మా అన్నకు సమాధి లేదు. అవ్వ ట్రంకు పెట్టె మీద కొవ్వొత్తి పెట్టేది. ఆ మైనం మూత మీద ఇంకా ఉంది. 1989లో పోయే ముందు కూడా అడిగింది, "సాల్మన్, గాయన ఎందుకు తాగలేదో అడిగినవా?" అని.

అడగలేదు. అడిగితే నువ్వేదో ఒకటి చెబుతావు, నేను చల్లబడతానని భయం. పగ చల్లారకుండా కాపాడుకున్నాను. ఇప్పుడు అడుగుతున్నాను. కులమా, నెత్తురా?

ఫొటో పంపను. మా అన్నను చిన్నదిగా వేయించుకునేవాడివి నువ్వు కావు.

సాల్మన్

* * *

కొండమడుగు
అక్టోబర్ 9

సాల్మన్ గారికి,

మీ ఉత్తరం కోమలే చదివింది. చదివి, "తాతా, జవాబు నువ్వు చెప్పాలి, నేను కల్పించి రాయను" అన్నది. చెబుతున్నాను.

అది డిసెంబర్ పదకొండు. శిమూల్‌తలి చుట్టూ ఆవ చేలు. పూత మీద ఉన్నాయి, కంటికి అంతా పసుపే. ఊరి వాళ్లను దొడ్లలో వేసి గొళ్లేలు పెట్టి, ముందు రేకుల బడి మీద శత్రువులు మర తుపాకి పెట్టారు. మాలో ఎవరు లేచినా పడిపోతున్నారు. అప్పుడు మీ అన్న చెరువు కట్ట వెంట పాకుతూ పోయాడు. రెండు బాంబులు వేశాడు. తుపాకి ఆగింది. మేము ఉరికాము. గొళ్లేలు తీస్తే ఆడవాళ్లు, ముసలివాళ్లు బయటపడి మా కాళ్లు పట్టుకున్నారు. పాకిపోయింది మీ అన్నే. నేను కాదు. ఈ మాట కోమల నా ఎదుట రాస్తున్నది.

మీ అన్న బడి అరుగు మీద పడి ఉన్నాడు. పొట్టలో తగిలింది. తెలివి ఉంది. "దశరథం, నీళ్లు" అన్నాడు. నా నీళ్ల సీసా నిండుగా ఉంది. మూత తీశాను. మా పటాలంలో మందుల పని చూసే సిపాయి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. పొట్టలో గుండు దిగినవాడికి నీళ్లు పోస్తే చంపినట్టే అన్నాడు. పెదాలు తడి బట్టతో తుడవమన్నాడు, గుక్క పోయవద్దన్నాడు. అది మాకు నేర్పిన పాఠమే.

మీ అన్న రెండు గంటలు బతికాడు. రెండు గంటలూ నీళ్లే అడిగాడు. మొదట నన్ను తిట్టాడు. తర్వాత బతిమాలాడు. చివరికి నన్ను గుర్తు పట్టలేదు, "అవ్వా, నీళ్లు" అన్నాడు. ఆ ఊరి ముసలమ్మ ఒకామె ఇత్తడి లోటాలో నీళ్లు తెచ్చి అతని నోటి దగ్గర పెట్టబోయింది. నేను గుంజుకొని పారబోశాను. ఆమె నన్ను ఏదో అన్నది. బెంగాలీ నాకు రాదు. కానీ ఏమన్నదో తెలుసు.

మూడు నెలలకు మీ అవ్వ చెంబుతో ఎదురు వచ్చింది. ఏ నోటితో తాగాలి? అందుకని ముట్టలేదు.

దశరథం

(అంకుల్, ఇది నేను, కోమలను. తాతయ్య ఇది మాకు ఎన్నడూ చెప్పలేదు. చెబుతూ చెబుతూ ఆగిపోయాడు, రెండు రోజులు పట్టింది. నాకొక సందేహం. తాతయ్య చిన్నప్పటి నుంచి చెప్పే యుద్ధం కథలో రాములు అని ఒక స్నేహితుడుంటాడు, మా కులపాయనే, ఆయనే బడి అరుగు మీద చనిపోతాడు. దేవసహాయం గారి పేరు మేము మీ ఉత్తరంలోనే మొదటిసారి విన్నాము. రాములు గారు కూడా ఆ రోజు అక్కడే ఉన్నారా? మీకు తెలిస్తే రాయండి.)

* * *

ఎర్రగుంటపల్లె
అక్టోబర్ 27

దశరథం గారికి,

"గారు" అని ఎందుకు రాశానో నాకే తెలియదు. కొట్టివేయాలని చూసి వదిలేశాను.

మీ ఉత్తరం వచ్చిన ఆదివారం నేను వాక్యం చెప్పలేకపోయాను. దావీదు కొండ గుహలో ఉండి, బేత్లెహేము బావి నీళ్ల మీద ఆశ పడ్డాడు. ముగ్గురు వీరులు శత్రువుల మధ్య నుంచి పోయి తెచ్చి ఇచ్చారు. అతను తాగలేదు, ప్రాణాలకు తెగించి తెచ్చిన నీళ్లు, ఇవి వాళ్ల రక్తమే, అని నేల మీద పారబోశాడు. ఈ భాగాన్ని నేను వంద సార్లు చెప్పి ఉంటాను. మా అవ్వ చేతిలో చెంబు ఎన్నడూ మతికి రాలేదు. లేచి నిలబడ్డాను, నోరు తెరిచాను, పాట పాడమని చెప్పి కూర్చున్నాను. సంఘం అంతా ఒకరి మొఖం ఒకరు చూసుకున్నారు. "సాల్మనన్నకు బీపీ వెరిగిందేమో" అని ఎవరో అన్నారు.

బ్లెస్సీ కరీంనగర్‌లో నర్సు. అడిగాను. "నిజమే మామా, పొట్ట గాయానికి నోట్లకెళ్లి సుక్క పొయ్యరు" అంది. మళ్లీ అడిగాను, నీళ్లు పోయకుంటే బతికేవాడా అని. "ఆపరేషన్ లేకుంటే ఎట్లైనా బతకడు మామా. పోసినా అంతే, పొయ్యకున్నా అంతే" అంది.

అంటే మా అన్న ఉత్త పుణ్యానికి దాహంతో పోయాడు. మీ తప్పు కాదు. ఆ రోజు ఎవరి తప్పూ కాదు. ఇది రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు, అయినా రాశాను.

నెత్తురు కాదని అవ్వకు చెప్పగలను. ఇక రెండోది మిగిలింది.

ఆ రోజు బండి తోలిన అంతయ్య బతికి ఉన్నాడు. ఎనభై దాటాయి. మొన్న పోయి కలిశాను. ఆ రోజు మా ఇంటి నుంచి తిరిగి పోతూ మీరు బండిని గోదావరి రేవు దిక్కు తిప్పించారట. బట్టలతోనే దిగి మూడు మునకలు వేశారట. "ఎండకు జేసిండేమో అనుకున్న, గని గాయన జంజెం లేనోడైనా మంత్రాలేవో సదివిండు సాల్మన్" అన్నాడు.

నేను రెండే అడుగుతాను. మా ఇంటికి వచ్చినందుకు మునిగారా? రాములు అంటే ఎవరు?

రెండింటికీ మీరు ఏదో ఒకటి చెప్పవచ్చు. ఎండకు మునిగానని రాయండి. రాములు వేరే మనిషని రాయండి. నాకు నమ్మాలని ఉంది. నమ్మితే డిసెంబర్ 16న నేను మా పొలంలోనే ఉంటాను. కమాన్ మీది. బడి సంగతి కోమలకు చెప్పారు గదా, అంత చాలు.

కానీ మీరు రాసేది మా అవ్వకు చదివి వినిపిస్తున్నట్టు రాయండి.

సాల్మన్

* * *

కొండమడుగు
నవంబర్ 18

తమ్మీ సాల్మన్,

ఈసారి నేనే రాస్తున్నాను. అక్షరాలు ఎట్లున్నా చదువుకో. ఈ కాగితానికి ఎనిమిది రోజులు పట్టింది. కోమలను లోపలికి రానివ్వలేదు.

ఎండకు మునిగినా అని రాసి రెండు సార్లు కవర్ అంటించిన. రెండు సార్లు చింపిన. అవ్వకు చదివి వినిపించినట్టు రాయమన్నావు. నువ్వు మంచోడివి కావు తమ్మీ. ఆ ఒక్క మాట రాయకుంటే నేను తప్పించుకునేవాణ్ణి.

చెంబు చూడగానే ఆ ముసలమ్మ లోటా మతికి వచ్చింది, అది నిజం. చెయ్యి లేవలేదు, అదీ నిజం. కానీ ఆ తర్వాత రేవుకు పోయింది కూడా నేనే. ఎవరూ నన్ను పొమ్మనలేదు. మా ఇంటికి పోతే మా అవ్వ "ఎవరింటికి వోయొస్తున్నవురా" అని అడుగుతుంది. మునిగి వచ్చిన అని చెప్పాలి. అందుకని మునిగిన. దేవసహాయం పళ్లెంలో మూడేళ్లు తిన్న నోటితోనే మంత్రం చదివిన. పటాలంలో నాకు కులం లేదు తమ్మీ. మంథనిలో బస్సు దిగేసరికి అది నా కోసం నిలబడి ఉన్నది. నేను ఒక్కసారి కూడా దాన్ని అవతల పో అనలేదు.

మీ అవ్వ రెండిట్ల ఏదో ఒకటి అన్నది. ఏదో ఒకటి కాదు. రెండూ.

రాములు అనేటోడు లేడు. నా దోస్తు పేరు దేవసహాయం అని చెబితే మా ఇంట్లో ఎవరు అని అడుగుతారు, ఏ వాడ అని అడుగుతారు. అందుకని రాములును పుట్టించిన. మా కులంలోనే పుట్టించిన. వాడు చచ్చిపోతే మా ఇంట్లో ఏడ్చిండ్రు కూడా. దేవసహాయానికి ఏడవాల్సిన ఏడుపు అది. ఏండ్లు గడిచిన కొద్దీ రాములు చేసిన పని మెల్లమెల్లగా నేను చేసినట్టు అయింది. లేని మనిషి వచ్చి అడగడు గదా.

ఇంకొకటి. నువ్వు అడగలేదు, అయినా రాస్తున్న. ఆఫీసరు మొదట పిలిచిన పేరు నాది. నేను లేవలేదు. దేవసహాయం నా భుజం ఒత్తి, "నీకు పెండ్లయింది, నాకు కాలే. నువ్వుండు, నేను వోత" అన్నడు. నా కొడుకు, నా మనవరాలు, ఈ కమాన్, అన్నీ ఆ మాట తర్వాత పుట్టినవే.

నువ్వు రా. పదహారో తారీఖు రా. నా ఊర్లో చెప్పాలని ఉన్నది. శ్యాంసుందర్ మొఖం చూస్తే నా నోరు మూతబడుతుంది. నీ మొఖం చూస్తే తెరుచుకుంటుందేమో. కోపంతోనే రా. చల్లబడి వస్తే నాకు ధైర్యం చాలదు.

మన్నించమని ఈ కాగితం మీద రాయను. అది ఎదురుగా నిలబడి అడిగేది.

దశరథం

* * *

ఎర్రగుంటపల్లె
డిసెంబర్ 20

దశరథానికి,

కోపంతోనే వచ్చాను. అది నువ్వు చూశావు.

నీ ఎడమ చెవి యుద్ధంలోనే పోయిందని ఆ రోజు నేను ఆటో ఎక్కేటప్పుడు కోమల చెప్పింది. నేను నిలబడింది నీ ఎడమ పక్కన. కాబట్టి నేనేమన్నానో నీకు సగం కూడా వినపడి ఉండదు. అది నీకు తెలియాలి. అందుకే రాస్తున్నాను.

పొద్దున్నే నిర్మల్‌లో బస్సు దిగి ఆటోలో వచ్చాను. చంకలో బైబిలు, నోటిలో తయారు చేసుకున్న ప్రసంగం. అందులో నిన్ను అబద్ధమాడి కుష్ఠు తెచ్చుకున్న గేహజీని చేశాను, దోపిడీ సొమ్ము దాచుకున్న అకానును చేశాను, యేసును అమ్ముకున్న ముప్పై వెండి నాణేల వాణ్ణి కూడా చేశాను. కమాన్ కింద టెంటు, కుర్చీలు, ఒకవైపు భోజనాల గంజులు. నీ మెడలో దండ వేశారు. నువ్వు దాన్ని తీసి కుర్చీ మీద పెట్టి మైకు పట్టుకున్నావు. "బడి మీదికి పోయింది నేను కాదు" అన్నావు. "రాములు అనేటోడు లేడు" అన్నావు. నీ కొడుకు లేచాడు.

"బాపూ, సాలు. ఎండకు తలకాయ తిరుగుతున్నట్టున్నది. దిగు."

నువ్వు దిగలేదు. వాడు మైకు ఆపించి, స్పీకరు పెట్టెల్లో దేశభక్తి పాట పెట్టించాడు. నీ పెదాలు ఆడుతున్నాయి, మాట బయటికి రావడం లేదు. "ఏమంటుండు ముసలాయన? ఇనవడుతలే!" అని వెనక నుంచి కేకలు. ఎవరో నవ్వారు.

అప్పుడు నేను మెట్లెక్కాను.

మా సభల్లో ఒక పద్ధతి ఉంది. పై రాష్ట్రపు బోధకుడు వస్తే, అతను ఒక ముక్క చెబుతాడు, పక్కన నిలబడినవాడు వెంటనే ఆ ముక్కను తెలుగులో అంతే గట్టిగా చెబుతాడు. నాకు ఇంగ్లీషు అంతంత మాత్రమే, అయినా కర్ణాటక నుంచి, మహారాష్ట్ర నుంచి వచ్చి తేలిక ఇంగ్లీషులో చెప్పేవాళ్లకు ఇరవై ఏళ్లు ఆ పని చేశాను. దానికి ఒకటే నియమం. బోధకుడు "నేను" అంటే వీడు కూడా "నేను" అనాలి. "ఆయన" అనకూడదు.

నువ్వు చెప్పావు. నేను అరిచాను. పాట కంటే పైకి అరిచాను.

"ఆఫీసరు నా పేరు పిలిస్తే నేను లేవలే!"

"నా దోస్తు దేవసహాయం నీళ్లడిగితే నేను ఇయ్యలే!"

"ముసలమ్మ తెచ్చిన నీళ్లు నేనే పారవోసిన!"

ఒక్కో ముక్క నువ్వు మెల్లగా అన్నదానికి నేను పది రెట్లు పెంచాను. ఆ పెంచిందంతా నాదే. నీ సిగ్గును నా గొంతులో పోసుకొని ఊరి మీద కుమ్మరిస్తుంటే నాకు ఎంత తృప్తిగా ఉందో దేవుడికి తెలుసు. నీకు కూడా తెలియనీ.

నీకు వినపడని సంగతి ఇంకొకటి. ఊరివాళ్లలో సగం మందికి ఆ పాపాలు నావే అనిపించాయి. ముందు వరుసలో ఉన్న ముసలామె లేచి నా మీదికే వచ్చింది. "నీ నోట్ల మన్నువడ! పాణం వోయేటోనికి నీళ్లియ్యలేదా? గింత పాపం జేసి మా ఊరికెందుకొచ్చినవురా?" అంది. నా చొక్కా పట్టుకుంది. నేను కాదని చెప్పలేదు. చెబితే నియమం తప్పుతుంది. అప్పటికే నువ్వు తర్వాతి ముక్క అంటున్నావు.

"మంథనిల సంతోషమ్మ చెంబుతోటి నీళ్లిస్తే నేను ముట్టలే! వాళ్లు అంటరానోళ్లని గోదాట్ల మునిగిన!"

ఈ ముక్క నా నోటితో, "నేను" అని, మా అవ్వ పేరు పెట్టి అరిచాను. టెంటు కింద చప్పుడు ఆగిపోయింది. పాట కూడా ఎవరో ఆపారు, కోమలేనట. కొంతమంది లేచి వెళ్లిపోయారు. భోజనాల దిక్కు కాదు, ఇళ్ల దిక్కు. నీ కొడుకు మోటార్ సైకిల్ ఎక్కి పోయాడు. వాడు సర్పంచ్ అవుతాడో లేదో నాకు ఫికర్ లేదు.

ఇక చివరి ముక్క. దీని కోసమే ఈ ఉత్తరం.

నువ్వు ఊరి వైపు నుంచి నా వైపు తిరిగావు. చేతులు జోడించావు. "నన్ను మన్నించు" అన్నావు. మెల్లగానే అన్నావు, పక్కనున్న నాకు మాత్రం స్పష్టంగా వినపడింది. ఊరంతా నా నోటి వైపు చూస్తున్నది, ఏమన్నాడో చెబుతానని.

నేను పలకలేదు.

బైబిలు తీసుకొని మెట్లు దిగాను. ఎవరో "ఆఖరుకు ఏమన్నడు పెద్దమనిషీ?" అని వెనక నుంచి అడిగారు. ఏమీ లేదన్నాను. ఆటో ఎక్కాను. ఇప్పుడు మీ కొండమడుగుకు నీ పాపం తెలుసు. నువ్వు మన్నింపు అడిగినట్టు తెలియదు. నువ్వు ఒప్పుకున్నావు గానీ దుఃఖపడలేదని అనుకుంటూ ఉంటారు. నేనే అట్లా చేశాను. తయారు చేసుకున్న ప్రసంగం కంటే పెద్ద దెబ్బ అది. దేవుడు పగ తన పని అన్నాడు, ఆ పనిలో ఒక్క ముక్క నేను దొంగిలించాను.

బస్సులో నిర్మల్ నుంచి జగిత్యాల దాకా సంతోషంగానే ఉన్నాను. ఆ తర్వాత నుంచి లేను.

ఎందుకు పలకలేదో నాలుగు రోజులుగా వెతుకుతున్నాను. పగ అని రాయడం తేలిక. కానీ అది కూడా "నేను" అని పలకాల్సిన మాట. అందరి ముందు నా నోటితో "నన్ను మన్నించు" అని నేనే అనాలి. మిగతా పాపాలన్నీ నీవని తెలుసు గనుక గట్టిగా అరవగలిగాను. ఈ ఒక్కటి అంటే నాది కూడా కలుస్తుంది. యాభై రెండేళ్లు అవ్వ ప్రశ్నను నీ దాకా తేకుండా, నా పగకు మేపుగా వాడుకున్నాను. ఆమె బతికి ఉండగా ఒక్క కార్డు ముక్క రాసి ఉంటే, జవాబు వినే పోయేది. పొట్ట గాయానికి నీళ్లు పోయరని వినేది. నేను రాయలేదు.

నిన్ను మన్నించాననుకోకు. గోదావరి మునకలు ఇంకా గొంతులోనే ఉన్నాయి. కమాన్ మీద రాయి ఇంకా అట్లాగే ఉంది, దాని సంగతి వేరే తేల్చుకుంటాను.

కానీ నీ మాట ఒకటి నా దగ్గర ఉండిపోయింది. అది నీ ఊరికి చేరాల్సింది. కాగితం మీద పంపితే చేరదు. ఆ మెట్ల మీదే నిలబడి, నీ ఎడమ పక్కన కాదు, ఈసారి కుడి పక్కన, నేనే పలకాలి. పలికేటప్పుడు అందులో ఎంత నీది, ఎంత నాది అని ఎవరూ అడగకూడదు.

రమ్మంటావా?

సాల్మన్